పుస్తకం ఎంచుకునేది ఒకరు, డబ్బు కట్టేది ఇంకొకరు

జూన్ రాగానే పిల్లల్ని ప్రైవేటు స్కూళ్లలో చదివిస్తున్న ఇళ్లలో ఫీజు తర్వాత వచ్చే టెన్షన్ పుస్తకాల సెట్టు. స్కూలు ఇచ్చిన లిస్టు, స్కూలు చెప్పిన షాపు, షాపువాళ్లు చెప్పిన రేటు. అందులో ఒక పుస్తకం ఇంట్లో ఉంది, అది వద్దన్నా సెట్టు విడగొట్టి ఇవ్వరు. అదే పిల్లవాడు ఇంటర్‌కి వెళ్తే మెటీరియల్ డబ్బు ఫీజులోనే కలిసిపోతుంది. ఇంజనీరింగ్‌కి వెళ్తే సిలబస్‌లో రాసిన టెక్స్ట్‌బుక్ లైబ్రరీ బీరువాలో ఉంటుంది, చేతిలో మాత్రం ఆల్ ఇన్ వన్, దానికి తోడు సీనియర్ల నోట్సు జెరాక్సు ఉంటాయి. అక్కడి నుంచి ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తే కొన్ని కోర్సుల్లో హోంవర్క్ సబ్మిట్ చేయడానికే డబ్బు పెట్టి ఒక కోడ్ కొనాలి.

నాలుగు చోట్లా ఖర్చు రూపం మారింది గానీ దాని వెనకున్న ఏర్పాటు మారలేదు. ఏ పుస్తకం వాడాలో నిర్ణయించేవాళ్లు ఒకరు, డబ్బు కట్టేవాళ్లు ఇంకొకరు. మామూలు సరుకైతే రేటు ఎక్కువనిపిస్తే పక్క షాపుకి పోతాం, లేదంటే కొనడం మానేస్తాం. పాఠ్యపుస్తకం విషయంలో ఆ రెండు దారులూ ఉండవు. ధర పెరిగితే పుస్తకాన్ని ఎంపిక చేసినవాళ్ల జేబుకి చిల్లు పడదు. చిల్లు పడేవాళ్లని ఎవరూ అడగరు.

ఇంటర్నెట్, ట్యాబ్, స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఈ బరువు తగ్గిపోతుందని చాలామంది ఆశపడ్డారు. కొన్నిచోట్ల నిజంగానే చాలా తగ్గింది. కొన్నిచోట్ల కొత్త ఖర్చు వచ్చి పాత ఖర్చు పక్కన చేరింది. ఎక్కడ ఏది ఎందుకు జరిగిందో తెలియాలంటే ప్రతి పుస్తకం దగ్గర, ప్రతి యాప్ దగ్గర రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలని నా నమ్మకం. దీనికి డబ్బు ఎవరు పెడుతున్నారు? ఆ తర్వాత విద్యార్థి చేతిలో ఏ హక్కు మిగులుతోంది?

65 రూపాయల పుస్తకం, వేల రూపాయల సెట్టు

కేంద్ర గణాంక శాఖ 2025లో స్కూలు చదువుల ఖర్చు మీద సర్వే చేసింది. దేశం మొత్తం మీద ఒక్కో విద్యార్థికి కోర్సు ఫీజు కింద సగటున రూ.7,111, పుస్తకాలు, స్టేషనరీ కింద రూ.2,002 ఖర్చవుతోందని తేలింది. పుస్తకాలు ఉచితంగా అందుకునే ప్రభుత్వ బడి పిల్లలు కూడా ఈ సగటులో ఉన్నారు. కాబట్టి ప్రైవేటు స్కూలు తల్లిదండ్రులు కట్టేది ఇంతకంటే ఎక్కువే.

పుస్తకం తయారీయే ఖరీదైనదా అంటే, ఆ మాట నిలబడదు. ఎన్‌సీఈఆర్‌టీ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకాన్ని రూ.65కి అమ్మింది. 2024 డిసెంబరులో 9 నుంచి 12 తరగతుల పుస్తకాల ధర 20 శాతం తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. రంగుల బొమ్మలతో, మంచి కాగితం మీద అచ్చేసిన పుస్తకాలే అవి. ఎక్కువ కాపీలు వేస్తే ఒక్కో కాపీ మీద పడే ఖర్చు ఎలా తగ్గుతుందో అక్కడ కనిపిస్తుంది. పాఠం రాయించడం, బొమ్మలు గీయించడం, తప్పులు దిద్దించడం అనే ఖర్చులు ఒక్కసారే పెట్టాలి. అవి లక్షల కాపీల మీద పంచుకుంటే ఒక్కో పుస్తకానికి వచ్చేది చాలా తక్కువ. ప్రైవేటు ప్రచురణకర్త ఒక్కసారిగా అన్ని కాపీలు వేయలేడు. ఆ మేరకు ధర ఎక్కువ ఉండటం న్యాయమే. పంపిణీదారుకి, షాపుకి ఇచ్చే కమిషన్ కూడా ముద్రించిన ధరలోంచే రావాలి. ఒక పుస్తకం ఏ స్కూల్లో ఖాయమవుతుందో ఆ స్కూలుకి ఎంత లాభం అన్న లెక్క దీనిలో చేరినప్పుడే ధర పుస్తకాన్ని వదిలేసి ఎక్కడికో పోతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ధర కంటే ఇంకొకటి. ఒకప్పుడు అక్క చదివిన పుస్తకం తమ్ముడికి, తమ్ముడిది పక్కింటి పిల్లకి వెళ్లేది. విజయవాడ లెనిన్ సెంటర్, హైదరాబాద్ కోఠి ఈ అలవాటు మీదే బతికాయి. ఇప్పుడు ప్రైవేటు స్కూళ్ల సెట్టులో చాలా భాగం వర్క్‌బుక్కులే. జవాబులు పుస్తకంలోనే రాయాలి కాబట్టి ఏడాది దాటితే అది చిత్తుకాగితం. పైగా అట్ట మీద స్కూలు పేరు, లోపల యాప్‌లోకి వెళ్లడానికి ఒక కోడ్, ఆ కోడ్ ఒక్క పిల్లకే, ఒక్క ఏడాదికే. పాఠం మారకపోయినా ఎడిషన్ మారుతుంది, పేజీ నెంబర్లు మారతాయి. సెకండ్ హ్యాండ్ పుస్తకం కొన్న పిల్లకి టీచరు చెప్పే పేజీ దొరకదు. స్కూళ్లలో పుస్తకాల వ్యాపారం చేయొద్దని ఏటా జూన్‌లో డీఈఓ ఆఫీసుల నుంచి ఉత్తర్వులు వస్తూనే ఉంటాయి. అవి ఎక్కువగా ఎక్కడ అమ్మాలి అన్నదాని గురించే మాట్లాడతాయి. పుస్తకాన్ని మరుసటి ఏడాది వాడుకోగలమా అన్న ప్రశ్న వాటిలో రాదు.

పన్ను సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద ఉన్న పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. అదే సమయంలో అచ్చు కాగితాన్ని 18 శాతం శ్లాబులో పెట్టారు. పుస్తకం అమ్మకం మీద పన్ను లేనప్పుడు కాగితం మీద కట్టిన పన్నును ప్రచురణకర్త వెనక్కి తీసుకోలేడు, అది ధరలో కలుస్తుంది. ఈ-పుస్తకాల మీద మొదట 18 శాతం ఉండేది. 2018లో, అచ్చులో కూడా ఉన్న పుస్తకాలకు మాత్రం 5 శాతానికి తగ్గించారు. ఒకే పాఠం కాగితం మీదైతే పన్ను లేదు, తెర మీదైతే పన్ను ఉంది.

చవక పుస్తకానికి డబ్బు పెట్టినవాళ్లు

మన దేశంలో ఇంజనీరింగ్, మెడిసిన్ చదివిన పాత తరాన్ని అడిగితే అప్పట్లో పుస్తకాలు చవక అంటారు. నిజమే. ఆ చవకకి వెనక ఒకటి కాదు, మూడు పరాయి ప్రభుత్వాల డబ్బు ఉంది. పీఎల్-480 అనే తన చట్టం కింద అమెరికా గోధుమలు పంపిస్తే మనం రూపాయల్లో కట్టాం. ఆ రూపాయల్లో కొంత భాగంతో 1960ల్లో అమెరికన్ పాఠ్యపుస్తకాలను ఇక్కడే తక్కువ ధరకు అచ్చేయించారు. బ్రిటిష్ ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి ఈఎల్‌బీఎస్ (ఇంగ్లిష్ లాంగ్వేజ్ బుక్ సొసైటీ) ముద్రతో తమ పుస్తకాలను చవగ్గా అమ్మించింది. మెడికల్ కాలేజీల్లో ఆ ముద్ర తెలియనివాళ్లు ఉండేవాళ్లు కాదు. సోవియట్ యూనియన్ సంగతి మన రెండు రాష్ట్రాల్లో ఇంకా బాగా గుర్తుంటుంది. మాస్కోలోని మీర్ ప్రచురణాలయం వేసిన ఫిజిక్స్, లెక్కల పుస్తకాలు విశాలాంధ్ర బుక్ హౌస్‌లలో గట్టి అట్టతో పది, ఇరవై రూపాయలకి దొరికేవి. ఐఐటీకి ప్రిపేరైన ఎందరో ఊళ్ల పిల్లలకి అవే దిక్కు.

ప్రచ్ఛన్న యుద్ధంలో మన విద్యార్థి మనసు గెలవడానికి వాళ్లు పెట్టిన ఖర్చు అది. 1991లో సోవియట్ యూనియన్ పడిపోయింది, ఆ దశాబ్దంలోనే ఈఎల్‌బీఎస్ కూడా ఆగిపోయింది. అప్పుడు మిగిలింది ప్రచురణ సంస్థలు సొంత లెక్కతో వేసే భారతీయ ఎడిషన్లు. అమెరికాలో వంద డాలర్లు పలికే పుస్తకం ఇక్కడ పల్చటి కాగితం మీద ఐదారు వందలకి దొరుకుతుంది. దయతో ఇచ్చిన ధర కాదది. ఇక్కడ అంతకుమించి కొనేవాళ్లు లేరు. అందుకే అట్ట మీద ఈ దేశాల్లో మాత్రమే అమ్మాలి అని అచ్చేస్తారు.

జెరాక్స్ షాపు మీద కేసు

ఐదారు వందలు కూడా ఒక సెమిస్టర్‌కి ఐదారు సబ్జెక్టులున్న పిల్లలకి పెద్ద మొత్తమే. పైగా డిగ్రీ, పీజీ కోర్సుల్లో ఒక పుస్తకం మొత్తం అవసరం ఉండదు. ఒకదాంట్లో రెండు అధ్యాయాలు, ఇంకోదాంట్లో ముప్పై పేజీలు చదవాలి. అందుకే ఢిల్లీ యూనివర్సిటీలో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో ఉన్న రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అనే చిన్న షాపులో, అధ్యాపకులు ఇచ్చిన లిస్టు ప్రకారం ఆయా అధ్యాయాలను జెరాక్స్ తీసి, స్పైరల్ బైండింగ్ చేసి పేజీకి అర్ధరూపాయి లెక్కన ఇచ్చేవాళ్లు. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌లు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఆ షాపు మీద, యూనివర్సిటీ మీద ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాయి. విద్యార్థులు, అధ్యాపకులు కూడా కేసులో చేరి వాదించారు. ఆ పుస్తకాల రచయితల్లోనే చాలామంది ప్రచురణకర్తల తీరును తప్పుబట్టారు. వాళ్లలో అమర్త్య సేన్ కూడా ఉన్నారు.

1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52లో ఒక మినహాయింపు ఉంది. బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకుంటే అది కాపీరైట్ ఉల్లంఘన కాదు. బోధన అంటే క్లాసులో పాఠం చెప్పే ఆ గంట మాత్రమేనా, లేక కోర్సు మొత్తమా అన్నది వివాదం. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా తీర్పు ఇస్తూ కోర్సు మొత్తం బోధనే అన్నారు, కేసు కొట్టేశారు. కాపీరైట్ అనేది సహజంగానో దైవదత్తంగానో వచ్చిన హక్కు కాదని, జ్ఞానాన్ని పెంచడానికి సమాజం ఇచ్చిన హక్కని ఆ తీర్పులో రాశారు. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా ప్రధానంగా ఇదే మాట చెప్పింది. ఎన్ని పేజీలు అన్నది కొలత కాదు, బోధనకి ఆ భాగం అవసరమా అన్నదే కొలత అంది. ఆ అవసరం ఎంతవరకు అన్న విచారణ మిగిలి ఉండగానే 2017 మార్చిలో ప్రచురణకర్తలు కేసు వెనక్కి తీసుకున్నారు.

మన కాలేజీల ముందున్న జెరాక్స్ షాపులకి ఈ తీర్పు ఎంత పెద్ద అండో చాలామంది అధ్యాపకులకే తెలియదు. ఇష్టమొచ్చినట్టు కాపీలు తీసి అమ్ముకోవచ్చని కోర్టు చెప్పలేదు. కోర్సు కోసం, కోర్సు విద్యార్థులకి అని చెప్పింది. పుస్తకం మొత్తాన్ని స్కాన్ చేసి టెలిగ్రామ్ గ్రూపుల్లో వేలమందికి పంపడం ఈ గొడుగు కిందకి రాదు. గ్రూప్స్ రాసే పిల్లలు అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో ఆ పీడీఎఫ్‌ల మీదే ఆధారపడుతున్నారని తెలుసు. వాళ్ల మీద కోపం రాదు నాకు. లైబ్రరీలో కాపీ దొరకనప్పుడు వాళ్లకి ఇంకేం దారి ఉంది? కానీ ఆ పుస్తకాలు రాసే తెలుగు రచయితకి వచ్చే రాయల్టీ మామూలుగానే కొంచెం. అది కూడా పోతే వచ్చే ఏడాది సిలబస్ మారినప్పుడు కొత్త పుస్తకం రాయడానికి ఎవరూ ముందుకు రారు.

తాళం వేసిన పాఠం

అమెరికాలో కథ ఇంకో మలుపు తిరిగింది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గరికి వస్తున్నది అదే.

అక్కడ 2006 నుంచి 2016 మధ్య కాలేజీ పుస్తకాల ధరలు 88 శాతం పెరిగినట్టు ఆ దేశ కార్మిక గణాంకాల సంస్థ లెక్క. ఆ కాలంలోనే థాయిలాండ్ నుంచి కార్నెల్ యూనివర్సిటీకి లెక్కలు చదవడానికి వెళ్లిన సుపాప్ కిర్ట్‌సెంగ్ అనే విద్యార్థి, తన దేశంలో చవగ్గా దొరికే ఆసియా ఎడిషన్లను ఇంటివాళ్లతో తెప్పించి అమెరికాలో అమ్మాడు. పుస్తకాలు అవే, ధరే వేరు. వైలీ సంస్థ అతని మీద కేసు వేసింది. కింది కోర్టు 6 లక్షల డాలర్ల నష్టపరిహారం కట్టమంది. 2013 మార్చి 19న అమెరికా సుప్రీంకోర్టు ముగ్గురు కాదన్నా ఆరుగురు జడ్జీల మెజారిటీతో అతని పక్షాన తీర్పిచ్చింది. న్యాయంగా కొన్న పుస్తకం ఏ దేశంలో అచ్చయినా, దాన్ని తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవాడిదే అంది. హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో భారతీయ ఎడిషన్లు సర్దుకుని వెళ్లే మన ఎమ్మెస్ పిల్లలకి ఈ తీర్పు పేరు తెలియకపోవచ్చు, కానీ అది వాళ్లదే.

పుస్తకం వస్తువైనంత కాలం ఆ హక్కును ఆపలేమని ప్రచురణ సంస్థలకి అర్థమైంది. అప్పటికే మొదలైన కోడ్ పద్ధతి వాళ్లకి మరింత పనికొచ్చింది. పియర్సన్, మెక్‌గ్రా హిల్, సెంగేజ్, వైలీ అన్నిటికీ సొంత వేదికలున్నాయి. హోంవర్క్, క్విజ్, మార్కులు అన్నీ అందులోనే. పుస్తకం స్నేహితుడి దగ్గర చదువుకోవచ్చు గానీ హోంవర్క్ స్నేహితుడి లాగిన్‌లో చేయలేం. సెమిస్టర్ అయిపోతే కోడ్ గడువూ అయిపోతుంది. 2019 జులైలో పియర్సన్ ఇకపై తన అమెరికన్ కాలేజీ పుస్తకాలన్నీ ముందు డిజిటల్‌గానే వస్తాయని ప్రకటించింది. సూట్‌కేసులో పట్టుకెళ్లిన పుస్తకం ఈ కోడ్ పద్ధతిలో పనికిరాదు. జెరాక్స్ షాపుకి చట్టం ఇచ్చిన అండ కూడా లాగిన్ పేజీ ముందు ఆగిపోతుంది. కాపీ తీసుకునే హక్కు కాగితం మీద ఉంటుంది, తీసుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు.

దీని తర్వాత మెట్టు ఏమిటంటే, పుస్తకం డబ్బును ట్యూషన్ ఫీజు బిల్లులోనే కలిపేయడం. ఇన్‌క్లూజివ్ యాక్సెస్ అంటారు. మార్కెట్ ధర కంటే తక్కువ ఉండాలి, వద్దనుకున్న విద్యార్థి తప్పుకునే వీలుండాలి అన్న షరతులతో 2016లో అక్కడి విద్యాశాఖ నిబంధనలు దీనికి దారి ఇచ్చాయి. మొదటి రోజు నుంచే అందరి దగ్గరా పుస్తకం ఉంటుందన్నది దీని మేలు. అది నిజమైన మేలే. కానీ తప్పుకుంటే హోంవర్క్ ఉండదు కాబట్టి తప్పుకునే వీలు పేరుకే ఉంటుంది. మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల తల్లిదండ్రులకి ఇదంతా వింటే కొత్తగా ఉండదు. మెటీరియల్‌కి ఎంత, ట్యూషన్‌కి ఎంత, హాస్టల్‌కి ఎంత అని విడివిడిగా రాసిన రసీదు కోసం అడిగి చూడండి. కలిపి చెప్పిన అంకెలో దేన్నీ ప్రశ్నించలేం. ధరను దాచడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు.

డిజిటల్ పుస్తకం కొన్నాం అని మనం అనుకుంటాం, నిజానికి చదువుకోవడానికి అనుమతి మాత్రమే తీసుకుంటాం. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు, కొన్నవాళ్ల లైబ్రరీల్లోంచి పుస్తకాలన్నీ మాయమయ్యాయి. డబ్బు తిరిగిచ్చారు, అది వేరే సంగతి. పుస్తకాలు మాత్రం తిరిగి రాలేదు.

ఉచితంగా దొరికేవి, మనవి అయ్యేవి

డిజిటల్‌లో మంచి లేదని ఎవరన్నా అంటే వాళ్లకి ఎన్‌పీటెల్ చూపించాలి. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి కేంద్రం డబ్బుతో మొదలుపెట్టిన ఈ ఆన్‌లైన్ వీడియో పాఠాలు, మంచి అధ్యాపకుడు లేని కాలేజీలో చదివే పిల్లకి దేవుడిచ్చిన వరం. వీడియో చూడటానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, కోర్సుకి రూ.1,000 దాకా. పరీక్షా కేంద్రంలో కూర్చోబెట్టి రాయించడానికి అయ్యే ఖర్చు అది, నా దృష్టిలో తప్పేం లేదు. ఈ పాఠాలు చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉన్నాయి. అంటే మూలం ఎవరిదో చెప్పి, అదే లైసెన్స్ కొనసాగిస్తే ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, ముక్కలు తీసి తమ పాఠంలో కలుపుకోవచ్చు.

అమెరికాలో ఇదే దారిలో రైస్ యూనివర్సిటీ 2012లో ఓపెన్‌స్టాక్స్ మొదలుపెట్టింది. డిగ్రీ మొదటి రెండేళ్ల పుస్తకాలను డబ్బిచ్చి అధ్యాపకుల చేత రాయించి, తోటి అధ్యాపకుల చేత దిద్దించి, ఉచితంగా పెట్టింది. ఖర్చు పెట్టింది దాతృత్వ సంస్థలు. ఇక్కడ కూడా పుస్తకం ఊరికే పుట్టలేదు. రచయితకి డబ్బు ముందే ఇచ్చేశారు కాబట్టి ప్రతి కాపీ మీద వసూలు చేయాల్సిన పని లేకుండా పోయింది. మన ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ అధ్యాపకులు ఈ పుస్తకాలను నేరుగా వాడుకోవచ్చు, అడ్డేమీ లేదు. సిలబస్‌కి తగ్గట్టు మార్చుకోవచ్చు కూడా.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ట్యాబుల సంగతి. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్ల టీచర్లకి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చింది. పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. ఇంట్లో ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలన్న ఆ ఆలోచన చాలా మంచిది. కంటెంట్‌కి డబ్బు తీసుకోవడం లేదని కంపెనీ చెప్పింది. రెండేళ్లు తిరక్కుండానే, 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబుల కొనుగోలు మంచిదా చెడ్డదా అన్న రాజకీయ వాదన ఇక్కడ అనవసరం. ధర సున్నా అయినా పాఠం ప్రభుత్వానిది కాలేదు, టీచరుది కాలేదు. అందులో ఒక తప్పు కనిపిస్తే టీచరు దిద్దలేరు. సిలబస్ మారితే ప్రభుత్వం సొంతంగా మార్చుకోలేదు. వేరే కంపెనీ ట్యాబులోకి తీసుకెళ్లలేదు. ఉచితంగా దొరకడం ఒకటి, మన చేతిలో ఉండటం ఇంకొకటి. ఈ రెండింటికీ తేడా చూడకుండా సంతకాలు పెట్టినప్పుడు నష్టం వెంటనే కనపడదు.

దీనికి పక్కన దీక్షను పెట్టి చూడండి. 2017 సెప్టెంబరు 5న మొదలైన ఈ జాతీయ వేదిక సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన కనిపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునేది ఇదే. వీడియోలు అన్నీ ఒకే నాణ్యతతో ఉండవు. కొన్ని చూస్తే నిద్ర వస్తుంది, కొన్ని చాలా బాగుంటాయి. కానీ బాగాలేనిదాన్ని తీసేసి ఒక జిల్లా పరిషత్ స్కూలు టీచరు చేసిన మంచి వీడియో పెట్టడానికి ఎవరి అనుమతీ కొనక్కర్లేదు. ప్రైవేటు పుస్తకంలోని కోడ్ ఒక్కరికే తెరుచుకుంటుంది, ఈ క్యూఆర్ కోడ్ ఎవరు స్కాన్ చేసినా తెరుచుకుంటుంది. అక్క వాడిన పుస్తకంలోది తమ్ముడికీ పనిచేస్తుంది.

పరిశోధన పత్రికల విషయంలో కేంద్రం ఇంకో దారి పట్టింది. 2024 నవంబరులో మంత్రివర్గం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 2025 నుంచి మూడేళ్లకు రూ.6,000 కోట్లు పెట్టి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా సంస్థలకి అందుబాటులోకి తెచ్చారు. ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ విడిగా బేరమాడటం కంటే దేశమంతా ఒక్కటై బేరమాడటం తెలివైన పని. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ విద్యార్థికి ఐఐటీ విద్యార్థి చదివే పత్రిక దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఇవి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో అత్యధికులు ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు, వాళ్లు బయటే ఉండిపోయారు. ఇక్కడ కూడా డబ్బు కట్టడం ఆపిన రోజు తలుపు మూసుకుంటుంది.

ఫోను ఉంది, కానీ ఎవరిది?

డిజిటల్ పాఠం చవక అని లెక్క వేసేటప్పుడు పరికరం ఖర్చును పక్కన పెట్టేస్తుంటారు. అచ్చు పుస్తకానికి చార్జింగ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరూ ఒకేసారి చెరో పుస్తకం చదువుకోవచ్చు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు చెప్పింది. ఫోను లేని ఇంట్లోనూ టీవీ ఉంటుందన్న అంచనా సరైనదే. అయినా పాఠం టైముకి కరెంటు పోతే ఆ పాఠం పోయినట్టే అయ్యేది.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ బడి పిల్లల మీద చేసే అసర్ సర్వేలో, 2024లో గ్రామాల్లోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. ఫోను వాడటం తెలిసిన పిల్లల్లో దాన్ని అంతకుముందు వారంలో చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. ఫోను ఉన్న ఇంట్లో కూడా అది పగలంతా నాన్న జేబులో ఉంటుంది. సాయంత్రం వచ్చాక ముందు అన్నకి, ఆ తర్వాత మిగిలితే చెల్లికి. అందుకే పుస్తకాలు ఆపేసి యాప్‌లు ఇస్తాం అనే పథకం ఏ ప్రభుత్వం తెచ్చినా గట్టిగా వ్యతిరేకించాలి. పుస్తకానికి తోడుగా యాప్ ఉండాలి, దాని స్థానంలో కాదు. రెండు రాష్ట్రాలూ ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చాయి. మీడియం మారిన పిల్లకి అది ఎన్ని యాప్‌ల పెట్టో టీచర్లని అడగండి.

తెలుగులో చదివేవాళ్ల సంగతి

పైన చెప్పిన ఉచిత సంపద దాదాపు అంతా ఇంగ్లిష్‌లో ఉంది. 2021-22 నుంచి సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ప్రాంతీయ భాషల్లో బీటెక్‌కి అనుమతించింది, తెలుగులో సాంకేతిక పుస్తకాలు తయారుచేయించి ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా పెట్టింది. ఎన్‌పీటెల్ కొన్ని పాఠాల రాతప్రతులను తెలుగులోకి తెచ్చింది. మొదలైతే అయింది. కానీ ఇంటర్, డిగ్రీ స్థాయి తెలుగు పుస్తకం అంటే ఇప్పటికీ 1968లో పుట్టిన తెలుగు అకాడమీయే గుర్తొస్తుంది. పోటీ పరీక్షలకి చదివేవాళ్లు ఎన్ని కోచింగ్ సెంటర్ల మెటీరియల్ ముందేసుకున్నా చివరికి అకాడమీ పుస్తకంలో సరిచూసుకుంటారు.

ఇక్కడ బయటివాళ్లకి తెలియని ఒక చిక్కు ఉంది. మన తెలుగు పుస్తకాలు ఏళ్ల తరబడి డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజ్ అయ్యాయి. అవి యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో లేవు. అలా తయారైన పీడీఎఫ్ తెర మీద తెలుగులా కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం అది అర్థంలేని గుర్తుల వరస. అందులో ఒక పదం వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి వేరేచోట పెడితే పిచ్చిగీతలు వస్తాయి. చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. అందరికీ ఉచితంగా పెట్టిన పుస్తకం ఆ పిల్లకి లేనట్టే.

చట్టం ఈ పిల్ల పక్షానే ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవాళ్లకి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని రాశారు. చూపు లేనివాళ్ల కోసం వచ్చిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించింది మన దేశమే. ఆ హక్కు ఒక్కో పేజీని మళ్లీ టైపు చేసే వాలంటీర్ల చేతుల మీదుగా నడవాల్సి వస్తోంది. యూనికోడ్‌లో కంపోజ్ చేస్తే ఆ చాకిరీ చాలావరకు అక్కర్లేదు.

ప్రభుత్వ డబ్బుతో రాయించే ప్రతి తెలుగు పాఠ్యపుస్తకం కాంట్రాక్టులో మూడు వాక్యాలు చేర్చమని అడుగుతున్నాను. పుస్తకం యూనికోడ్‌లో కంపోజ్ చేయాలి. పీడీఎఫ్‌తో పాటు దిద్దుకోవడానికి వీలున్న ఫైలు కూడా ఇవ్వాలి. రచయితకి మంచి పారితోషికం ముందే చెల్లించి, ఓపెన్ లైసెన్స్ కింద విడుదల చేయాలి. అచ్చు పుస్తకం ఎప్పటిలాగే షాపుల్లో అమ్ముకోవచ్చు, కాగితం మీద చదివేవాళ్లు కొంటూనే ఉంటారు. ఎస్‌సీఈఆర్‌టీ, తెలుగు అకాడమీ, ఇంటర్ బోర్డు టెండరు పత్రాల్లో ఈ మూడూ రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ పద్దు కూడా అక్కర్లేదు. వచ్చే ఏడాది పుస్తకాల కంపోజింగ్‌కి పని అప్పజెప్పే లోపు రాస్తే చాలు.